క్యారీ పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ తీసుకెళ్లడం: అమెరికాలోని తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

క్యారీ పర్మిట్ అంటే హ్యాండ్‌గన్‌ను (పిస్తోలు, రివాల్వర్) వెంట పెట్టుకుని తిరగడానికి రాష్ట్రం ఇచ్చే అనుమతి. ఈ పేజీ ముఖ్యంగా న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్ వైపు ఉండేవారి కోసం. అక్కడ అరగంట కారు నడిపితే రాష్ట్రం మారుతుంది, రాష్ట్రంతోపాటు చట్టమూ మారుతుంది. ఒకచోట మామూలుగా చెల్లే పని నది దాటగానే ఏళ్ల తరబడి జైలుశిక్ష పడే నేరమవుతుంది. టెక్సాస్, కాలిఫోర్నియా సంగతులు అవసరమైన మేరకు చెప్పాం. చట్టాలు తరచుగా మారుతున్నాయి, కోర్టుల్లో సవాళ్లూ నడుస్తున్నాయి. బయల్దేరే ముందు ఆయా రాష్ట్ర పోలీసుల వెబ్‌సైట్ ఒకసారి చూడండి. కేసు పడితే మాత్రం లాయరు తప్ప ఇంకెవరి మాటా వినకండి.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. గన్‌ను ఎలా ప్యాక్ చేయాలి?

ప్యాకింగ్ సంగతి తర్వాత. ముందు అసలు దాన్ని ముట్టుకోవచ్చా లేదా చూసుకోవాలి. ఫెడరల్ చట్టం, 18 యు.ఎస్. కోడ్ 922(జి)(5)(బి), నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవారు తుపాకి గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోకూడదని చెబుతుంది. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1, బి-1, బి-2 అన్నీ ఇందులోకే వస్తాయి. కొనడం ఒక్కటే కాదు. స్నేహితుడి గన్‌ను పట్టుకోవడం, షూటింగ్ రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చడం కూడా "దగ్గర ఉంచుకోవడం" కిందికే వస్తాయి. ఫ్లోరిడాలో విద్యార్థి వీసా స్టేటస్ పోగొట్టుకున్న ఒక యువకుడు రేంజ్‌కి వెళ్లి కాల్చిన పాపానికి అతని కేసు 2019లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు.

తాళం ఎంత గట్టిదైనా, పెట్టె ఎంత మంచిదైనా ఈ నిషేధం ముందు పనికిరావు. ఈ పేజీలో చెప్పే రక్షణలన్నీ "ఉంచుకునే అర్హత ఉన్నవారికి" మాత్రమే.

హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే సరిపోతుందని విన్నాను. నిజమేనా?

నిజమే. అమెరికాలో ఏ రాష్ట్రమైనా చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ చేతిలో ఉంటే ఆ ఫెడరల్ నిషేధానికి మినహాయింపు ఉంది. ఇందులో జనం జారిపడే చోట గడువు. చాలా రాష్ట్రాల్లో హంటింగ్ లైసెన్స్ ఒక సీజన్‌కో, ఏడాదికో ఇస్తారు. అది ముగిసిన మర్నాడు ఇంట్లో ఉన్న గన్ నేరానికి సాక్ష్యం. పైగా ఈ మినహాయింపు ఫెడరల్ చట్టానికే. రాష్ట్రం అడిగే పర్మిట్లు, కార్డులు వేరే ఉంటాయి, అవి వీసా మీద ఉన్నవారికి ఇస్తారా లేదా అన్నది మళ్లీ ఆ రాష్ట్రం ఇష్టం.

గ్రీన్‌కార్డ్ దరఖాస్తు పెండింగ్‌లో ఉంది, ఈఏడీ (పని అనుమతి కార్డు) వచ్చింది. ఇప్పుడు?

దరఖాస్తు గ్రీన్‌కార్డ్ కాదు. కార్డు చేతికొచ్చేదాకా ఆగండి. ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదం పొంది పదేళ్లయినా హెచ్-1బి మీద ఉన్నంతకాలం చట్టం దృష్టిలో మీరు నాన్-ఇమిగ్రెంటే.

గ్రీన్‌కార్డ్ వచ్చినవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇమిగ్రేషన్ చట్టంలో తుపాకి నేరాలకు విడిగా ఒక క్లాజు ఉంది. చట్టవిరుద్ధంగా తుపాకి ఉంచుకున్నట్టో, వెంట తీసుకెళ్లినట్టో శిక్ష ఖరారైతే దేశం నుంచి పంపేయడానికి అదే కారణం కావచ్చు. అమెరికన్ పౌరుడైతే జరిమానాతో, ప్రొబేషన్‌తో బయటపడే కేసులో మనవాళ్లు ఇరవై ఏళ్ల జీవితాన్ని పోగొట్టుకునే అవకాశం ఉంది. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని క్రిమినల్ లాయరు అన్నప్పుడు, ఇమిగ్రేషన్ లాయరును కూడా అడిగాకే సంతకం పెట్టాలి.

మా వారికి సిటిజన్‌షిప్ ఉంది, నేను హెచ్-4. గన్ ఆయనది. నాకేమైనా ఇబ్బందా?

సేఫ్ తాళంచెవి గాని కోడ్ గాని మీ దగ్గర ఉంటే ఇబ్బందే. చేత్తో పట్టుకోకపోయినా, తలుచుకుంటే తీయగలిగే స్థితిలో ఉండటాన్ని కోర్టులు "దగ్గర ఉంచుకోవడం"గానే చూస్తాయి. కోడ్ ఆయనకొక్కరికే తెలియాలి. ఆయన ఊళ్లో లేనప్పుడు గన్ ఉన్న కారును మీరు నడపకూడదు.

క్యారీకి, ట్రాన్స్‌పోర్ట్‌కి తేడా ఏమిటి?

వాడటానికి సిద్ధంగా, ఒంటిమీదో చేతికందేలానో పెట్టుకుని తిరగడం క్యారీ. ఖాళీ చేసి, పెట్టెలో బిగించి, ఒక చట్టబద్ధమైన చోటి నుంచి ఇంకో చట్టబద్ధమైన చోటికి చేర్చడం ట్రాన్స్‌పోర్ట్. పర్మిట్ లేనివాళ్లకు దారి రెండోదే. ఇందులో మూడు అంశాలుంటాయి: బయల్దేరే చోటు, చేరే చోటు, మధ్యలో గన్ ఉన్న స్థితి. చాలామంది మూడోదాని మీదే శ్రద్ధ పెట్టి ఖరీదైన పెట్టె కొంటారు. కేసులు ఎక్కువగా పడేది మొదటి రెండింటి మీద.

ఫెడరల్ చట్టం ఏం రక్షణ ఇస్తుంది?

1986లో వచ్చిన ఫైర్‌ఆర్మ్ ఓనర్స్ ప్రొటెక్షన్ యాక్ట్‌లోని సెక్షన్ 926ఎ. దాని సారం ఇది: గన్‌ను ఉంచుకోవడానికీ, క్యారీ చేయడానికీ మీకు హక్కున్న చోటి నుంచి, ఆ రెండు హక్కులూ ఉన్న మరో చోటికి తీసుకెళ్తుంటే మధ్యలోని రాష్ట్రాల చట్టాలు మిమ్మల్ని పట్టుకోకూడదు. షరతులు రెండు. గన్ లోడ్ అయి ఉండకూడదు. గన్ గాని తూటాలు గాని ప్రయాణికులు కూర్చునే భాగంలోంచి అందకూడదు.

"ఉంచుకోవడానికీ, క్యారీ చేయడానికీ" అన్నచోట రెండు హక్కులూ అడుగుతున్నారని గమనించండి. పెన్సిల్వేనియాలోని మీ ఇంటి నుంచి పర్మిట్ అక్కర్లేని న్యూ హాంప్‌షైర్‌కో, వెర్మాంట్‌కో వెళ్తుంటే దారిలో న్యూయార్క్, మసాచుసెట్స్‌లో ఈ సెక్షన్ మీకు రక్ష. అదే న్యూయార్క్‌లోని బంధువుల ఇంటికి, అక్కడి లైసెన్స్ లేకుండా వెళ్తుంటే ఈ సెక్షన్ పైసాకు కొరగాదు, ఎందుకంటే చేరేచోట మీకు హక్కే లేదు. న్యూజెర్సీలో ఉంటూ క్యారీ పర్మిట్ లేనివారు కూడా దీన్ని నమ్ముకోకుండా, ఆ రాష్ట్రం ఇచ్చిన మినహాయింపుల్లోనే ప్రయాణం చేయడం మంచిది.

ఇంకో సంగతి. ఇది కోర్టులో చెప్పుకునే రక్షణ. రోడ్డు మీద అరెస్టును ఆపదు. ఈ సెక్షన్‌ను ఉల్లంఘించారని పోలీసుల మీద నష్టపరిహారం దావా వేయడం కుదరదని న్యూయార్క్ వైపు అప్పీల్ కోర్టు 2010లో తేల్చేసింది.

మాది ఒడిస్సీ వ్యాన్. విడిగా ట్రంక్ లేదు.

ఒడిస్సీ, సియెన్నా, ఎస్‌యూవీలు ఏవైనా వెనక సీటు మీంచి చెయ్యి చాపితే అందే బండ్లు. వాటికి చట్టం వేరే మాట చెబుతుంది: గన్, తూటాలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి, ఆ పెట్టె గ్లవ్ బాక్స్ గాని కన్సోల్ గాని కాకూడదు. గ్లవ్ బాక్స్‌కు తాళం వేసినా లెక్కలోకి రాదు. పెట్టెను అన్నింటికంటే వెనక, సామాన్ల కింద పెట్టండి. సెడాన్ ఉన్నవాళ్లు కూడా పెట్టెకు తాళం వేసి ట్రంక్‌లో పెడితే పెట్టిన తీరు మీద వాదన ఉండదు.

సరే, ప్యాకింగ్ మొదటి నుంచి చెప్పండి.

ఇంట్లోనే చేయండి, పార్కింగ్ లాట్‌లో కాదు. గన్‌ను క్షేమమైన దిక్కుకు తిప్పి పట్టుకోండి, వేలు ట్రిగ్గర్‌కు దూరంగా ఉండాలి. సెమీ-ఆటోమేటిక్ అయితే ముందు మ్యాగజీన్ (తూటాలు నింపే డబ్బా) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (గన్ పైన వెనక్కి జరిగే భాగం) లాగాలి. ఈ వరుస తప్పితే ప్రమాదం: మ్యాగజీన్ ఉండగా స్లైడ్ లాగితే ఛాంబర్‌లోని (కాల్చబోయే తూటా ఉండే గది) తూటా బయటపడి, మ్యాగజీన్‌లోంచి ఇంకోటి లోపలికి ఎక్కుతుంది. ఆపైన మ్యాగజీన్ తీసి "ఖాళీ" అనుకుంటారు. స్లైడ్‌ను వెనక్కి లాక్ చేసి ఛాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. రివాల్వర్ అయితే సిలిండర్ పక్కకు తీసి, ఎజెక్టర్ రాడ్ నొక్కి, బయటపడ్డ తూటాలు లెక్కపెట్టుకోండి. ఆరు గదులుంటే ఆరూ ఖాళీగా కనపడాలి.

పెట్టె గట్టి ప్లాస్టిక్‌దో లోహానిదో తీసుకోండి. తాళానికి రెండు రంధ్రాలుంటే రెండింటికీ తాళాలు వేయాలి. ఒక్కటే వేసి రెండో మూలను వేళ్లతో లాగి చూస్తే సందు ఏర్పడుతుంది, విమానాశ్రయంలో ఆ పెట్టెను వెనక్కి పంపేస్తారు. గన్‌తో వచ్చే కేబుల్ లాక్ అదనపు జాగ్రత్తే గాని పెట్టెకు బదులు కాదు. తాళంచెవి మీ జేబులో ఉండాలి, పెట్టె ఉన్న బ్యాగు జేబులో కాదు.

తూటాలు అదే పెట్టెలో పెట్టవచ్చా?

వేరే పెట్టెలో పెట్టండి, దాన్నీ ట్రంక్‌లో దూరంగా ఉంచండి. న్యూజెర్సీ చట్టం గన్ ఖాళీగా ఉండాలంటుందే తప్ప తూటాలు వేరే పెట్టెలో ఉండాలని అనదు. కానీ పక్క రాష్ట్రాలు "లోడ్ అయిన గన్" అన్నదానికి ఇచ్చే అర్థాలు వేరు. పెన్సిల్వేనియాలో తూటాలు నింపిన మ్యాగజీన్ గన్ ఉన్న అరలోనే ఉంటే, అది గన్‌లో లేకపోయినా లోడ్ అయినట్టే. మ్యాగజీన్‌ను పూర్తిగా మూసి ఉంచే పౌచ్‌లో పెడితే దాన్ని వేరే అరగా ఒప్పుకుంటారు. న్యూయార్క్ ఇంకా ముందుకు పోతుంది: గన్, దానికి సరిపోయే తూటాలు ఒకే మనిషి దగ్గర ఒకే సమయంలో ఉంటే అది లోడ్ అయిన గన్. ఫెడరల్ రక్షణ లేకుండా అక్కడ దొరికితే కనీస శిక్ష మూడున్నరేళ్ల నుంచి మొదలవుతుంది.

మ్యాగజీన్లలోంచి తూటాలు తీసేసి, అవి కొన్నప్పటి అట్టపెట్టెల్లోనే పెట్టుకోవడం మంచి అలవాటు. 

న్యూజెర్సీలో ఇంకో రెండు ఉచ్చులున్నాయి. ఒకటి హాలో పాయింట్ తూటాలు, అంటే మొన దగ్గర గుంటగా ఉండేవి. ఇంట్లో ఉంచుకోవచ్చు, కొన్నచోటి నుంచి ఇంటికి తెచ్చుకోవచ్చు, రేంజ్‌కీ వేటకూ తీసుకెళ్లవచ్చు. కారులో ఊరికే పడి ఉంటే అది విడిగా ఒక నేరం. రెండోది మ్యాగజీన్ సైజు. 2018 చట్టం 10 తూటాలకు మించి పట్టే మ్యాగజీన్‌ను నిషేధించింది. చాలా గన్‌లతో ఫ్యాక్టరీ నుంచి వచ్చే 15, 17 తూటాల మ్యాగజీన్‌లు పెన్సిల్వేనియా షాపులో మామూలు సరుకు, డెలావేర్ నది దాటగానే నేరం. ఖాళీ మ్యాగజీన్ అయినా అంతే.

న్యూజెర్సీలో పర్మిట్ లేకుండా ఎక్కడెక్కడికి తీసుకెళ్లవచ్చు?

చట్టం జాబితా ఇచ్చింది, ఆ జాబితాలో లేనిదేదీ కుదరదు. కొన్న షాపు నుంచి ఇంటికి లేదా మీ వ్యాపార స్థలానికి. ఇల్లు గాని వ్యాపారం గాని మారుతున్నప్పుడు పాత చోటి నుంచి కొత్త చోటికి. రిపేరుకు షాపుకి, మళ్లీ వెనక్కి. అనుమతి ఉన్న టార్గెట్ రేంజ్‌కి, రానూపోనూ. వేటకు, ఆ చట్టాలకు లోబడి. గన్ ఖాళీగా ఉండి, మూసి బిగించిన పెట్టెలోనో, గట్టిగా కట్టిన ప్యాకెట్‌లోనో, తాళం వేసిన ట్రంక్‌లోనో ఉండాలి.

"ఎడిసన్‌లో ఫ్రెండ్ వాళ్లింటికి చూపించడానికి" అన్నది ఈ జాబితాలో లేదు. "రేపు రేంజ్‌కి వెళ్దామని ఇవాళే కారులో పెట్టాను, ఈలోగా ఆఫీసుకి వచ్చాను" అన్నదీ లేదు. పెట్టె, తాళం అన్నీ సరిగ్గా ఉన్నా ప్రయాణ కారణం జాబితాలో లేకపోతే పర్మిట్ లేకుండా హ్యాండ్‌గన్ ఉంచుకున్నట్టే. అది రెండో డిగ్రీ నేరం: 5 నుంచి 10 ఏళ్లు, తుపాకి నేరాలకు కనీస శిక్ష పెట్టే గ్రేవ్స్ యాక్ట్ ప్రకారం పెరోల్ లేకుండా కనీసం 42 నెలలు.

ఇల్లు మారడం జాబితాలోనే ఉన్నా ప్రమాదం లేకపోలేదు. కొలరాడో నుంచి న్యూజెర్సీకి మారుతున్న ఒక వ్యక్తి ట్రంక్‌లో ఖాళీ గన్‌లు దొరికితే 2010లో ఏడేళ్ల శిక్ష వేశారు. ఇల్లు మారేవారికున్న మినహాయింపును న్యాయమూర్తి జ్యూరీ ముందుకు రానివ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో గవర్నర్ శిక్ష తగ్గించాకే అతను బయటికొచ్చాడు. అందుకే లీజు కాగితం, కొత్త ఇంటి కరెంటు బిల్లు, మూవర్స్ రసీదు ఫోన్‌లో కాకుండా చేతిలో ఉండాలి. రేంజ్‌కి వెళ్తుంటే మెంబర్‌షిప్ కార్డో బుకింగ్ కాగితమో పెట్టుకోండి.

దారిలో పెట్రోలు కోసం ఆగవచ్చా? ఇడ్లీ తినడానికి?

న్యూజెర్సీ చట్టం "పరిస్థితిని బట్టి సహేతుకంగా అవసరమైన" మళ్లింపులను ఒప్పుకుంటుంది. వాటిలో ఏవేవి వస్తాయో రాష్ట్ర ప్రభుత్వం తర్వాత విడమర్చి చెప్పింది: మనుషులను ఎక్కించుకోవడం, దించడం, గ్యాస్, తిండి, తాగడానికి ఏదైనా, మందులు, అవసరమైన సామాను కొనడం, బాత్‌రూమ్, అత్యవసర పరిస్థితి. కాబట్టి రేంజ్ నుంచి వస్తూ ఓక్ ట్రీ రోడ్డులో టిఫిన్ కట్టించుకోవచ్చు. అక్కడే సినిమా చూసి, షాపింగ్ చేసి, పుట్టినరోజు పార్టీకి వెళ్లి రాత్రికి ఇంటికి చేరితే ఆ వాదన నిలబడదు.

రాత్రి హోటల్‌లో ఆగాల్సి వస్తే?

ఇక్కడే అందరూ దెబ్బతినేది. యూటా నుంచి పెన్సిల్వేనియాలోని అలెన్‌టౌన్‌కు వెళ్తున్న ఒక ప్రయాణికుడు 2005లో నెవార్క్‌లో కనెక్షన్ విమానం తప్పిపోయి హోటల్‌లో ఆగాల్సొచ్చింది. గన్ ఉన్న బ్యాగు తీసుకుని గదికి వెళ్లాడు. మర్నాడు పొద్దున నెవార్క్‌లో చెక్-ఇన్ కౌంటర్ దగ్గర నిజాయితీగా "గన్ ఉంది" అని చెప్పాడు, అరెస్టయ్యాడు. క్రిమినల్ కేసు తర్వాత ఎత్తేశారు. అతను వేసిన దావాలో మాత్రం ఆ ప్రాంతపు ఫెడరల్ అప్పీల్ కోర్టు, థర్డ్ సర్క్యూట్, 2010లో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. హోటల్‌లో ఉన్న ఆ రాత్రి గన్, తూటాలు అతనికి అందుబాటులో ఉన్నాయి కాబట్టి 926ఎ రక్షణ అక్కడే పోయిందని కోర్టు తేల్చింది. ఆ తీర్పు న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, డెలావేర్‌లకు వర్తిస్తుంది.

కాబట్టి కఠినమైన రాష్ట్రం ఏదైనా దారిలో ఉంటే రాత్రి బస దానికి ముందో తర్వాతో పెట్టుకోండి. వర్జీనియా నుంచి వెర్మాంట్ వెళ్లేవారు పెన్సిల్వేనియా లోపలి దారులు పట్టుకుంటే న్యూజెర్సీని పూర్తిగా తప్పించుకోవచ్చు, గంటో రెండు గంటలో ఎక్కువవుతుందంతే.

నాకు పెన్సిల్వేనియా క్యారీ లైసెన్స్ ఉంది. న్యూజెర్సీలో చెల్లదా?

చెల్లదు. ఏ ఇతర రాష్ట్రపు లైసెన్స్‌నూ న్యూజెర్సీ గుర్తించదు. ఫిలడెల్ఫియాకు చెందిన ఒక తల్లి 2013లో ట్రాఫిక్ స్టాప్‌లో తన దగ్గర లైసెన్స్ ఉందనీ, గన్ ఉందనీ తానే పోలీసుకు చెప్పి జైలు పాలయ్యారు. 2015లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చేదాకా ఆ కేసు వదల్లేదు. క్యారీ పర్మిట్‌కు ప్రత్యేక కారణం చూపాలనే నిబంధనను కొట్టేసిన 2022 నాటి సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు తర్వాత న్యూజెర్సీలో సొంత పర్మిట్ దొరకడం తేలికైంది గాని పక్క రాష్ట్రాల కార్డులు చెల్లడం మాత్రం రాలేదు.

పెన్సిల్వేనియాలో ఉంటాను, అక్కడి లైసెన్స్ కూడా లేదు.

లైసెన్స్ లేకుండా అక్కడ కారులో హ్యాండ్‌గన్ ఉండటమే నేరం, మినహాయింపులున్న సందర్భాల్లో తప్ప. కొన్నచోటి నుంచి ఇంటికి, రిపేరుకు, అమ్మకానికి, విలువ కట్టించడానికి, ఇల్లు మారడానికి, సెలవుల ఇంటికి వెళ్లడానికి ఖాళీ గన్‌ను భద్రంగా చుట్టి తీసుకెళ్లవచ్చు. రేంజ్‌కి వెళ్లేటప్పుడు గన్ ఖాళీగా ఉండాలి, తూటాలు వేరే పెట్టెలో పెట్టుకోవడం మంచిది. ఆ రాష్ట్రంలో లైసెన్స్ షెరీఫ్ ఆఫీసులో తక్కువ ఖర్చుతో వస్తుంది. తరచుగా రేంజ్‌కి వెళ్లేవారు తీసుకోవడమే నయం.

నయాగరా ట్రిప్‌కి ట్రంక్‌లో గన్ ఉంటే?

ఇంట్లో పెట్టి వెళ్లండి. న్యూయార్క్‌లో లైసెన్స్ లేకుండా హ్యాండ్‌గన్ ఇంట్లో ఉంచుకోవడమే నేరం, అక్కడి హోటల్‌లో ఉంచుకోవడం సంగతి చెప్పనే అక్కర్లేదు. పైగా నయాగరాలో రెయిన్‌బో బ్రిడ్జి వైపు ఒక్క లేన్ తప్పుగా పడితే కెనడా సరిహద్దులోకి వెళ్లిపోతారు, వెనక్కి తిరిగే చోటుండదు. డిట్రాయిట్ నుంచి బఫెలోకు మ్యాప్ పెడితే దగ్గర దారి అని అంటారియో మీదుగా చూపిస్తుంది. పర్యాటకులు హ్యాండ్‌గన్ తీసుకురావడానికి కెనడాలో దారి లేదు. న్యూయార్క్ రాష్ట్ర లైసెన్స్ ఉన్నవారు కూడా ఆ లైసెన్స్‌తో న్యూయార్క్ నగరంలో తిరగలేరు, నగరానికి విడిగా పర్మిట్ కావాలి.

టెక్సాస్‌లో 2021 నుంచి పర్మిట్ అక్కర్లేదు కదా?

2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, నిషేధం లేనివారికి అక్కర్లేదు. 2024 నాటికి ఇలాంటి రాష్ట్రాలు 29. కారులో గన్ బయటికి కనపడేలా ఉంటే హోల్‌స్టర్‌లో ఉండాలి.

ఫ్రిస్కోలో, ప్లానోలో ఉండే మనవాళ్లకు తెలియని చిక్కు ఒకటుంది. స్కూలు చుట్టూ 1,000 అడుగుల్లో తుపాకి ఉండకూడదనేది ఫెడరల్ చట్టం. ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్స్ ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. పర్మిట్ లేకుండా క్యారీ చేసేవారి దగ్గర లైసెన్సే ఉండదు కాబట్టి ఆ మినహాయింపు వర్తించదు. పిల్లల్ని స్కూల్లో దింపడానికి వెళ్లేటప్పుడు గన్ ఖాళీగా, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. దీనికోసమే టెక్సాస్‌లో ఇప్పటికీ లైసెన్స్ తీసుకునేవారున్నారు.

కాలిఫోర్నియాలో?

ఖాళీ గన్, తాళం వేసిన ట్రంక్‌లో లేదా తాళం వేసిన పెట్టెలో. గ్లవ్ బాక్స్ పెట్టె కాదు. కారు వదిలి వెళ్లేటప్పుడు ఆ పెట్టె బయటికి కనపడకూడదు. కొత్తగా ఆ రాష్ట్రానికి మారినవారు 60 రోజుల్లో తమ గన్‌ల వివరాలు రాష్ట్రానికి తెలపాలి. న్యూజెర్సీలోనూ 2022 చట్టం కొత్తగా వచ్చినవారికి అదే 60 రోజుల గడువు పెట్టింది. న్యూయార్క్‌కు మారేవారికి ఆ వెసులుబాటు లేదు, ముందు లైసెన్స్, ఆ తర్వాతే గన్.

విమానంలో ఎలా?

చెక్-ఇన్ బ్యాగులో మాత్రమే. గన్ ఖాళీగా, గట్టి పెట్టెలో, తాళం వేసి ఉండాలి. తాళంచెవి లేదా కోడ్ మీ ఒక్కరి దగ్గరే ఉండాలి. మామూలు తాళం మంచిది, టీఎస్ఏ (విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే ఫెడరల్ సంస్థ) మాస్టర్ కీతో తెరుచుకునే తాళం వేస్తే మీ చెవి ఒక్కటే ఉందనడం కష్టం. కౌంటర్ దగ్గర "చెక్-ఇన్ బ్యాగులో అన్‌లోడెడ్ ఫైర్‌ఆర్మ్ డిక్లేర్ చేయాలి" అని చెప్పాలి. "నా దగ్గర గన్ ఉంది" అనే మాటతో మొదలుపెట్టవద్దు. డిక్లరేషన్ కార్డు మీద సంతకం పెట్టించి బ్యాగు లోపల పెట్టమంటారు. బ్యాగు పైన గన్ ఉందని తెలిపే ట్యాగు వేయమని విమాన సంస్థ అడగకూడదు, అది ఫెడరల్ చట్టం. స్కానింగ్ పూర్తయ్యేదాకా 15, 20 నిమిషాలు అక్కడే ఉండండి, పెట్టె తెరవాల్సొస్తే మిమ్మల్నే పిలుస్తారు.

తూటాలు వాటికోసం చేసిన అట్ట, ప్లాస్టిక్, చెక్క లేదా లోహపు పెట్టెలో ఉండాలి. చాలా విమాన సంస్థల పరిమితి 11 పౌండ్లు. చేతి సంచిలో తూటా ఒక్కటైనా, ఖాళీ మ్యాగజీన్ అయినా కుదరదు. 2023లో టీఎస్ఏ తనిఖీ కేంద్రాల దగ్గర 6,737 తుపాకులు దొరికాయి, నూటికి 93 లోడ్ చేసినవే. ఎక్కువమంది చెప్పే కారణం ఒకటే, బ్యాగులో ఉందని మర్చిపోవడం. పౌర జరిమానా 15 వేల డాలర్లు దాటవచ్చు, ప్రీచెక్ (త్వరగా తనిఖీ ముగిసే సౌకర్యం) పోతుంది, స్థానిక పోలీసు కేసు వేరే.

నెవార్క్, జేఎఫ్‌కే, లాగార్డియాల సంగతి వేరు. టీఎస్ఏ నిబంధనలన్నీ పాటించినా, ఆ రాష్ట్రంలో గన్ ఉంచుకునే హక్కు మీకుందా అని ఆ విమానాశ్రయాలను నడిపే పోర్ట్ అథారిటీ పోలీసు అడుగుతాడు. థర్డ్ సర్క్యూట్ 2013లో ఇంకో తీర్పిచ్చింది: 926ఎ వాహనంలో తీసుకెళ్లేవారికే గాని, పెట్టె పట్టుకుని టెర్మినల్‌లో నడిచేవారికి కాదు. గన్‌తో ప్రయాణమైతే నెవార్క్‌లో కనెక్షన్ పెట్టుకోవద్దు. విమానం రద్దయి బ్యాగు మీ చేతికి ఇస్తామంటే తీసుకోవద్దు, మర్నాటి విమానానికి వాళ్ల దగ్గరే ఉంచమని అడగండి.

రైలు, బస్సు, ఊబర్?

ఆమ్‌ట్రాక్‌లో బ్యాగేజీ సర్వీసు ఉన్న స్టేషన్ల మధ్య మాత్రమే, 24 గంటల ముందు ఫోన్ చేసి చెప్పాలి. గ్రేహౌండ్‌లో కుదరదు. ఊబర్ తుపాకుల్ని నిషేధించింది, విమానాశ్రయ ప్రయాణంలో తాళం వేసిన గట్టి పెట్టె ట్రంక్‌లో ఉంటే తప్ప.

పోలీసు కారు ఆపితే ఏం చెప్పాలి?

చేతులు స్టీరింగ్ మీద. లైసెన్స్, రిజిస్ట్రేషన్ అడిగాక, ఎక్కడున్నాయో చెప్పి నెమ్మదిగా తీయండి. గన్ ఉందా అని అడిగితే అబద్ధం చెప్పకండి. "ట్రంక్‌లో, తాళం వేసిన పెట్టెలో, ఖాళీగా ఉంది, రేంజ్ నుంచి ఇంటికి వెళ్తున్నాను" అంటే అవసరమైనదంతా చెప్పినట్టే. అడక్కుండా చెప్పాలా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కారు వెతుకుతామంటే మర్యాదగా "సమ్మతి ఇవ్వలేను" అనవచ్చు. అయినా వెతికితే అడ్డుపడకండి. ఆ వాదన కోర్టులో చేయాల్సింది. అరెస్టయితే లాయరు వచ్చేదాకా ప్రయాణ కారణం గురించి కొత్త మాటలేవీ చెప్పకండి, మొదట చెప్పినదానికీ తర్వాత చెప్పినదానికీ తేడా వస్తే మినహాయింపు చేజారుతుంది.

కార్‌పూల్‌లో హెచ్-1బి స్నేహితుడు ఉంటే?

అతన్ని ఎక్కించుకోవద్దు, లేదా గన్ తీసుకెళ్లవద్దు. కారులో దొరికిన గన్ అందులో ఉన్న అందరిదీ అని న్యూయార్క్ చట్టం మొదట ఊహిస్తుంది. న్యూజెర్సీలో కూడా అంతే. ట్రంక్‌లాంటి మూసిన చోట దొరికితే మాత్రం న్యూజెర్సీలో అది కారు యజమానిదో, కారు నడిపే అధికారం ఉన్నవారిదో అని ఊహిస్తారు. అందుకే కారు అప్పు ఇచ్చేముందు ట్రంక్ చూసుకోండి. గన్ సంగతి మీరు మర్చిపోయి స్నేహితుడికి తాళాలిస్తే ఇరుక్కునేది అతని వీసా.

కారులో వదిలి వెళ్లవచ్చా?

వీలైనంతవరకు వద్దు. అద్దం పగలగొట్టి పెట్టెతో సహా ఎత్తుకుపోవడానికి నిమిషం చాలు. తప్పనిసరైతే పెట్టెను ఉక్కు కేబుల్‌తో సీటు చట్రానికి కట్టేయండి, బయటి నుంచి కనపడకూడదు. సీరియల్ నంబరు ఇంట్లో రాసి ఉంచుకోండి. పోయిందని తెలిశాక న్యూజెర్సీలో 36 గంటల్లో పోలీసులకు చెప్పాలి.

ఇండియా వెళ్తున్నాం. గన్ ఇక్కడే ఉంటుంది. ఇంకేమైనా చూసుకోవాలా?

బ్యాగులు చూసుకోండి. రేంజ్‌కి వాడిన బ్యాక్‌ప్యాక్‌నే ఇండియా ప్రయాణానికీ వాడటం, అడుగు మడతలో ఒక తూటా మిగిలిపోవడం తరచుగా జరిగేదే. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మన దేశంలో లైసెన్స్ లేకుండా తూటా ఒక్కటి ఉన్నా నేరం. విమానాశ్రయ స్కానర్‌లో కనపడితే విమానం తప్పడమే కాదు, ఎఫ్ఐఆర్ అవుతుంది. తెలియక ఉండిపోయిందని హైకోర్టులో నిరూపించుకుని కేసు కొట్టేయించుకున్నవారున్నారు, కానీ అది నెలల తరబడి సాగే పని, సెలవులు అక్కడే అయిపోతాయి. రేంజ్ బ్యాగును రేంజ్‌కే ఉంచి, ప్రయాణానికి వేరేది కొనండి. పాతదే వాడక తప్పదనుకుంటే ప్రతి జిప్పూ తెరిచి, లైనింగ్ తిరగేసి, బోర్లించి దులపండి. జాకెట్ జేబులు, పిల్లల స్ట్రోలర్ కింది సంచి కూడా.